ఇంజను మూపురములు



దమ్మపేట ప్రాంతమున పామాయిల్ గెలలను మోయు ట్రాక్టర్లను, సత్తుపల్లి దారిని పోవు పెట్రోలు కార్లను మీరు నిత్యము చూచుచునే యున్నారు. ట్రాక్టరు ఇంజను బరువు లాగునపుడు నిమిషమునకు సుమారు 2,000 చుట్లు తిరుగుచు, ఇంచుమించు ఒకే నడకతో పనిచేయును. కారు ఇంజను అట్లు కాదు. బండి నిలిచియున్నప్పుడు 800 చుట్లు, మిక్కిలి వేగమున 6,000 చుట్లు తిరుగవలసి యుండును. ఇంత భేదము గల నడకలకు ఒకే అమరిక సరిపోవునా యనునది నేటి ప్రసంగ విషయము.

ఇంజను మనవలెనే ఊపిరి పీల్చి విడుచును. పిస్టను క్రిందికి దిగునపుడు ఒక కవాటము తెరచుకొని గాలి లోనికి వచ్చును. పెట్రోలు మండిన పిదప వేరొక కవాటము తెరచుకొని పొగ వెడలిపోవును. ఈ కవాటములను తెరచునది కామ్ షాఫ్టు అను ఇరుసు. దానిపై ఎద్దుమూపురము వంటి ఉబ్బెత్తులుండును. ఇరుసు తిరుగునపుడు మూపురము వచ్చి కవాటమును నొక్కును. అది దాటిపోగా స్ప్రింగు కవాటమును మూయును. ఇంజను రెండు చుట్లు తిరిగిన ఈ ఇరుసు ఒక్క చుట్టు తిరుగును. కావున 6,000 చుట్ల వేగమున ఒక్కొక్క కవాటము సెకనుకు 50 మారులు తెరచి మూయబడును.

మూపురము ఎంత ఎత్తో కవాటము అంత తెరచుకొనును. ఎంత వెడల్పో అంతసేపు తెరచియుండును. దాని వాలు నిటారుగా నున్నచో కవాటము త్వరగా తెరచుకొనును గాని, స్ప్రింగు పట్టు తప్పుటయు, లోహము అరుగుటయు సంభవించును.

పశువులదొడ్డి తడికను తలచుకొనుడు. మంద పరుగున వచ్చునపుడు తడికను చాలసేపు తెరచియుంచవలెను. లేనిచో సగము పశువులు వెలుపలనే నిలిచిపోవును. నాలుగు పశువులు మెల్లగా వచ్చునపుడు అంతసేపు తెరచియుంచిన, లోపలికి వచ్చినవి మరల వెలుపలికి పోవును. గాలి సంగతియు నట్టిదే. అధిక వేగమున గాలి దూకుడు గలదై, పిస్టను పైకి మరలిన తరువాత కూడ కొంతసేపు లోనికి చొరబడుచుండును. అప్పుడు వెడల్పైన మూపురము మేలు. తక్కువ వేగమున ఆ దూకుడుండదు. పైకి మరలు పిస్టను లోనికి వచ్చిన గాలినే వెలికి నెట్టును. లాగుడుశక్తి తగ్గును, ఇంజను వణకును. అందుచే పెద్ద మూపురము పెట్టించినచో బలము పెరుగునని యువకులు తలచుట పొరపాటు. మన గ్రామపు మార్గములలో ఆ వేగము వచ్చుట అరుదు. ఉన్న బలము కూడ తగ్గును.

పూర్వపు ఇంజనులలో మధ్యేమార్గముగ ఒక రూపమును ఎంచుకొని సరిపెట్టుకొనెడివారు. తరువాత మూడు ఉపాయములు వెలసినవి. మొదటిది, మూపురమును మార్చక, ఇరుసునే కొంచెము ముందునకో వెనుకకో త్రిప్పి, కవాటము తెరచు వేళను మార్చుట. ఆల్ఫా రోమియో సంస్థ 1980లో తన కారులో దీనిని ప్రవేశపెట్టినది. రెండవది, ఒకే ఇరుసుపై చిన్న, పెద్ద మూపురములను రెండింటిని ఉంచి, వేగమునుబట్టి ఒకదానినుండి వేరొకదానికి మారుట. హోండా సంస్థ 1989లో జపానునందు దీనిని వాడుకలోనికి తెచ్చినది. 2018లో మన దేశమున విడుదలైన యమహా ఆర్15 మోటారుసైకిలు 7,400 చుట్లయొద్ద పెద్ద మూపురమునకు మారును. మూడవది మరింత చిత్రమైనది. మన తెలుగునాట పెనుకొండ చెంత 2019 నుండి కార్లు తయారుచేయుచున్న కియా సంస్థయు, దానితో సంబంధముగల హ్యుందాయ్ సంస్థయు అదే సంవత్సరమున దీనిని ప్రకటించినవి. ఇందు మూపురము ఒక్కటే. కాని ఒకే చుట్టులో కొంతభాగమున నెమ్మదిగా, కొంతభాగమున త్వరగా తిరుగును. నెమ్మదించినచోట కవాటము ఎక్కువసేపు తెరచియుండును.

ఈ సౌకర్యమునకు ఒక మూల్యము కలదు. పెక్కు కార్లలో ఇరుసును ముందు వెనుకలకు త్రిప్పునది ఇంజను నూనెయొక్క ఒత్తిడియే. నూనె తగ్గినను, మురికి పట్టినను, సన్నని దారులు పూడుకొని ఆ యంత్రము వేళకు కదలదు. బండి నిలుకడగా నడువదు. పెట్రోలు ఎక్కువ త్రాగును. మరమ్మతు ఖర్చు నూనె ఖరీదుకు ఎన్నో రెట్లగును. పాత ఇంజను మురికినూనెను కొంతకాలము ఓర్చుకొనెడిది, ఇది ఓర్వదు.

కావున పాతకారు కొనువారు మైలేజీ అడుగుటతో తృప్తిపడక, నూనె ఎప్పుడెప్పుడు మార్చిరో చూపుమని అడుగుడు. కారుతో వచ్చిన పుస్తకములో చెప్పిన రకమునే, చెప్పిన గడువుననే పోయించుడు. మీ ఊరి మెకానిక్కు యువకులకు ఈ క్రొత్త అమరికను నేర్చుకొను అవకాశము కల్పించుడు. అడవి దారిలో రాత్రివేళ రోగిని తీసికొనిపోవు బండి ఆగకుండ నడచుట అట్టి శ్రద్ధపైననే ఆధారపడియున్నది.