అరసవల్లి నుండి అనంతగిరికి

కొండప్రాంతములకు పోవువారు సాధారణముగా చల్లనిగాలి కొరకు పోవుదురు. మేమును అందులకే పోయితిమి. తిరిగివచ్చునప్పుడు మాత్రము ఒక ప్రశ్నను గూడ వెంటబెట్టుకొని వచ్చితిమి. ఆ ప్రయాణమును, ఆ ప్రశ్నను నేడు శ్రోతలకు మనవి చేయుదుము.

కార్తీకమాసమున ఒక ఆదివారమునాడు అరసవల్లిలో సూర్యనారాయణస్వామి దర్శనముతో మా యాత్ర ఆరంభమైనది. కళింగమును పాలించిన గాంగరాజు దేవేంద్రవర్మ ఏడవ శతాబ్దమున కట్టించినదని ప్రతీతిగల ఆలయమది. ఏటా మార్చి నెలలో ఒకసారియు, అక్టోబరు నెలలో ఒకసారియు ఉదయకిరణములు గోపురద్వారమును దాటి వచ్చి స్వామి పాదములను తాకును. మేము పోయిన నాటికి ఆ దినములు గడచిపోయినవి. అయినను ఆదివారము గనుక జనసమ్మర్దమునకు కొదవ లేదు. స్వామికి నమస్కరించి, ఆమదాలవలసలోనున్న శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో విజయనగరము వైపు పోవు రైలెక్కితిమి.

పొందూరు దాటినది. సన్నఖద్దరుకు పేరుపొందిన ఊరు కదా, కిటికీలోనుండి ఆ పేరు చదువగానే పెట్టెలో ఎవరో పంచెల వెల గురించి సంభాషణ మొదలుపెట్టిరి. చీపురుపల్లి వచ్చునప్పటికి ఆ సంభాషణ ముగిసినది, మట్టిరంగు మారినది. ఎఱ్ఱమట్టి నడుమ అక్కడక్కడ బొగ్గువలె నల్లనిరాళ్ల కుప్పలు కానవచ్చినవి. అది బొగ్గు కాదు, మాంగనీసు. తరువాతి స్టేషను గరివిడిలో మేము దిగితిమి.

భారతదేశములో మాంగనీసు త్రవ్వకము మొట్టమొదట ఈ ప్రాంతముననే, 1892లో ఆరంభమైనదన్న సంగతి మనలో చాలమందికి తెలియదు. విజయనగరం మైనింగు కంపెనీవారు కోడూరు, గర్భాము మొదలగు గ్రామములలో గనులు త్రవ్వించిరి. ఉక్కు తయారగునప్పుడు దానిలోని గంధకమును, ప్రాణవాయువును తొలగించుటకును, ఉక్కునకు గట్టిదనము నిచ్చుటకును మాంగనీసు కావలెను. అది లేక రైలుపట్టా లేదు, వంతెన లేదు, యుద్ధనౌక లేదు. ఆనాటి ఐరోపాలోని కొలుముల ఆకలి తీర్చుటకు మన చీపురుపల్లి ప్రాంతపు రాయి సముద్రములు దాటి పోయినది. ఫెర్మరు అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1909లో భారతదేశపు మాంగనీసు నిక్షేపములపై బృహద్గ్రంథమును ప్రకటించి, ఇచ్చటి ఒక విచిత్రమైన శిలకు కోడూరు పేరుమీదుగా 'కోడురైటు' అని నామకరణము చేసెను. ఒక పల్లె పేరు ప్రపంచ శిలాశాస్త్రములో నిలిచినది! అటుపిమ్మట 1950ల దశకములో గరివిడివద్ద శ్రీరాంనగరులో ఫెర్రో అల్లాయిసు కర్మాగారము వెలసినది. రాయిగా పోవుచుండిన మాంగనీసు అప్పటినుండి ఇచ్చటనే కొలిమిలో కరగి, మిశ్రలోహముగా పోవుటయు ఆరంభమైనది.

పాతగని యొకటి చూడవలెనని మేము పొలముల గట్టున నడచి పోయితిమి. గొయ్యి చెఱువువలె నీటితో నిండి, దాని యొడ్డున తుమ్మచెట్లు మొలచియున్నవి. మేకలు కాచుకొనుచున్న ఒక వృద్ధుడు మా ప్రక్కన నిలిచెను. పడుచుతనమున ఆ గనిలో గడ్డపార పట్టినవాడట. అతని భార్య తట్టలతో రాయి మోసినదట. "తాతా, ఈ రాయి ఎక్కడికి పోయేది?" అని అడిగితిమి. అతడు నవ్వి, "ఎక్కడికెళ్ళిందో మాకేటెరిక బాబూ! రాయెళిపోయింది, గొయ్యి మాత్రం మావూర్నే ఉండిపోయింది" అనెను. ఆ మాట యథాలాపముగా అన్నదే. కాని మా ప్రయాణమంతయు ఆ మాటయే మా చెవిలో మ్రోగుచుండెను.

ఆ రాత్రి విజయనగరమున బసచేసి, మరునాటి యుదయము కొత్తవలసలో కిరండూలు రైలెక్కితిమి. ఈ రైలుమార్గము చరిత్ర గూడ ఖనిజముతోనే ముడివడియున్నది. బస్తరు సీమలోని బైలడిల్లా కొండల ఇనుపరాయిని విశాఖపట్టణపు రేవునకు చేర్చి, జపానునకు ఎగుమతి చేయుటకై 1960ల దశకములో దీనిని నిర్మించిరి. మనుష్యుల కొరకు వేసినది కాదు. అయినను మనుష్యులకు దీనికంటె కన్నులపండువైన మార్గము మన రాష్ట్రమున అరుదు. బొడ్డవర దాటినతోడనే ఎక్కుడు మొదలగును. శివలింగపురము, త్యాడ, చిమిడిపల్లి, ఇట్లు ఒక్కొక్క స్టేషనుకును లోయ లోతగుచుండును. మార్గము మొత్తముమీద 58 సొరంగములు కలవు. సొరంగములో పెట్టె చీకటిపడగానే పిల్లలు కేకలు వేయుదురు, వెలుతురు రాగానే నవ్వుదురు. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తున నున్నది. నడుమ ఒక స్టేషనులో మా బండి నిలిచిపోయెను. ఎదురుగా ఇనుపరాయి నింపిన గూడ్సుబండి దిగివచ్చుచున్నది. ఎఱ్ఱని ధూళి కప్పుకొన్న ఆ పెట్టెలు ఎంతకును తరుగవు. బరువుతో దిగుట, ఖాళీగా ఎక్కుట, ఇదియే ఆ బండ్ల నిత్యకృత్యము. ప్రయాణికులైన మేము దానికి దారి యిచ్చి నిలుచుంటిమి.

బొఱ్ఱా గుహలు చూచినవారికి వర్ణన అక్కరలేదు. చూడనివారికి వర్ణన చాలదు. వర్షపునీరు గాలిలోను మట్టిలోను గల బొగ్గుపులుసు వాయువును గ్రహించి, సున్నపురాతిని మెల్లమెల్లగా కరగించి ఈ గుహలను తొలిచినది. పైకప్పునుండి జారు బొట్టు తనలోని సున్నమును కొంచెము పైన, కొంచెము క్రింద విడుచును. పైనది ఊడవలె దిగును, క్రిందిది పుట్టవలె లేచును. ఈ రెండును కలసి స్తంభమగుటకు మన లెక్కలోని తరములు చాలవు. ఒక ఆవు పైనున్న రంధ్రమునుండి లోనికి పడినదనియు, వెదకబోయిన కాపరికి శివలింగము కనబడెననియు, ఆ గోవు పేరనే నదికి గోస్తని యను పేరు కలిగెననియు అచ్చటివారు చెప్పుదురు. గుహల పైభాగముననే మేము వచ్చిన రైలుమార్గము పోవుచున్నది. లోపల నిలిచి, పైన ఇనుపరాయి బండి పోవుచున్నదని తలచుకొన్నప్పుడు ఒడలు జలదరించినది.

ఈ బొఱ్ఱా పరిసరముననే మన దేశపు న్యాయచరిత్రలో మఱపురాని వ్యవహార మొకటి పుట్టినది. ఈ కొండలలో కాల్సైటు, అభ్రకము మొదలగు ఖనిజములున్నవి. ఏజెన్సీలోని ప్రభుత్వభూములను త్రవ్వకమునకై గిరిజనేతరులకును, ప్రైవేటు కంపెనీలకును కౌలు కిచ్చుట చెల్లునా యని 'సమత' అను సంస్థ న్యాయస్థానమున ప్రశ్నించెను. ఉన్నత న్యాయస్థానమున ఓడి, అత్యున్నత న్యాయస్థానమునకు పోయెను. 1997 జూలై 11వ తేదీన తీర్పు వెలువడినది. ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరి అభిప్రాయము ప్రకారము, షెడ్యూలు ప్రాంతములోని ప్రభుత్వభూమిని గూడ గిరిజనేతరులకు కౌలు కిచ్చుట చెల్లదు. త్రవ్వదలచినచో ప్రభుత్వసంస్థయో, గిరిజనుల సహకార సంఘమో త్రవ్వవలెను. నికరలాభములో కనీసము నూటికి ఇరువది పాళ్లు ఆ ప్రాంతపు నీటివసతికి, పాఠశాలలకు, వైద్యశాలలకు, పారిశుధ్యమునకు, రాకపోకల సౌకర్యములకు ప్రత్యేకించవలెను. గరివిడి తాత మాటకు ఈ తీర్పు నూరేండ్ల తరువాత వచ్చిన సమాధానమువలె మాకు తోచినది. అయితే తాత ఊరు షెడ్యూలు ప్రాంతము కాదు. అతని గొయ్యి అతనికే మిగిలినది.

మాకు త్రోవచూపిన యువకుడు బొఱ్ఱా దగ్గరి పల్లెవాడే. అతనివెంట కటికి జలపాతమునకు పోయితిమి. కొంతదూరము జీపు, ఆపైన కాలినడక. రాళ్ల సందుల ఎక్కి దిగుచు, పట్టణవాసులమైన మేము నాలుగడుగుల కొకసారి నిలిచి ఊపిరి పీల్చుకొనుచుంటిమి. నెత్తిమీద కట్టెలమోపుతో వచ్చుచున్న ఒక అవ్వ మమ్ము చూచి జాలిపడి, ప్రక్కకు తొలగి దారి యిచ్చెను. సిగ్గుపడి మేమే ముందు తొలగితిమి. జలపాతముక్రింద గోస్తని నీరు దోసిలిపట్టినప్పుడు మా యువకుడు, "ఈ నీరే బాబూ మీ విశాఖపట్నంలో కొళాయిలో వచ్చేది" అనెను. అతిశయోక్తి కాదు. ఈ నదిపై తాటిపూడివద్ద కట్టిన జలాశయమునుండి విశాఖకు త్రాగునీరు పోవుచున్నది. భీమునిపట్టణమువద్ద నది సముద్రమున కలియును.

అరకులో రెండుదినము లుంటిమి. వలిసెపూలు విరియబూచి, లోయ అంతయు పసుపు ఆరబోసినట్లున్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైనికులకు కూరగాయలు పండించుటకై నెలకొల్పిన పద్మాపురము తోటలో ఇప్పుడు గులాబీలు పూచుచున్నవి. సిల్వరు ఓకు చెట్లనీడను కాఫీమొక్కలు, ఆ చెట్లకు ప్రాకిన మిరియపుతీగలు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీఫలసాయముతోపాటు ఈ కాఫీని గూడ కొనుచున్నది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. కాయలు ఎఱ్ఱబారుచున్న కొమ్మను వంచి చూపుచు ఒక గిరిజన రైతు, "ఏడాదికేడాది కాస్తుంది, చెట్టు చెట్టులాగే ఉంటుంది" అని సంతోషించెను. కొండనుండి ధనము పొందుటకు రెండు మార్గములున్నవని అప్పుడు మాకు స్పష్టమైనది. ఒకటి ఏటేట కాచునది, మరియొకటి ఒక్కసారి త్రవ్వుకొనునది.

గాలికొండ, రక్తకొండ, ఈ చుట్టుపట్లనే. వీని నెత్తిన బాక్సైటు కలదు, అనగా అల్యూమినియము యొక్క ముడిరాయి. దానిని త్రవ్వవలెనా, వలదా యని ఎన్నో ఏండ్లుగా వాదము జరుగుచున్నది. ఒక మాట న్యాయముగా చెప్పవలెను. ఖనిజము వలదనుటకు మనకు అధికారము లేదు. మేము కొండెక్కిన రైలు ఇనుమే, మా మాట మీ ఇంటికి చేర్చు యంత్రములోను లోహమే. గనిలో కూలిచేసి బిడ్డలను చదివించుకొన్న కుటుంబములను గూడ మేము గరివిడిలో చూచితిమి. కాని కొండనెత్తిమీది పొరలలో ఇంకిన వాననీరే ఊటలై, ఏరులై క్రిందికి దిగుచున్నది. రాయి తీసికొన్నచో నీరేమగును? లాభము పట్టణమునకును, గొయ్యి పల్లెకును మిగులుట మరల జరుగునా? ఇదియే మేము వెంటతెచ్చుకొన్న ప్రశ్న. దీనికి సమాధానము చెప్పవలసినవారిలో మొదటివారు ఆ కొండమీది గ్రామసభలవారని మా నమ్మకము.

ఇక పోదలచినవారికి నాలుగు మాటలు. కార్తీకము మొదలు మాఘము వరకు మంచికాలము. రాత్రులు చలి గట్టిగా నుండును గనుక ఉన్నిబట్టలు మరువరాదు. నడకకు జారని చెప్పులు కావలెను. గుహలలోని రాతి ఊడలను తాకరాదు, విరుచుట పాపమే. స్థానికులను త్రోవచూపుటకు పెట్టుకొనుడు, వారడిగిన కూలి బేరమాడక ఇండు. ధింసా ఆడు స్త్రీలను అనుమతి లేక ఫోటోలు తీయకుడు. వెదురుబొంగులో కాల్చిన కోడిమాంసము తినువారు తినవచ్చును; తిన్నపిమ్మట కాగితములు, ప్లాస్టికు సంచులు మాత్రము తిరిగి తెచ్చుకొనుడు.

తిరుగుప్రయాణమున మా బండికూడ దిగుడు దారినే వచ్చినది. ఇంటికి రాగానే పిల్లలు మంచినీళ్లిచ్చిరి. గ్లాసు చేతబట్టుకొని ఒక్క క్షణము ఆగితిమి. ఇది ఏ కొండనీరో అని మునుపెన్నడును మాకు తోచలేదు.