పియానో ముందు కూర్చొనుట

నెల్లూరి సీమలో మీటలుగల వాద్యమనగానే మనకు స్ఫురించునది హార్మోనియము. ఆకాశవాణి 1940లో దానిని నిషేధించి 1971లో గాని ఆ నిషేధమును సడలింపలేదు. అయినను మన పద్యనాటకములు, భజనలు దానిని విడువలేదు. అందుచేత పియానో నేర్వబోవు మన పిల్లల చేతికి ముందుగా వచ్చునవి హార్మోనియపు అలవాటులే. ఈ రెండింటి భేదమును మొదటి దినముననే వారికి తెలుపవలెను.

హార్మోనియములో మీటను అదిమియుంచినంతసేపు, గాలి అందినంతవరకు, స్వరము నిలుచును. పియానోలో మీటను నొక్కగానే ఒక సుత్తి తీగను కొట్టి వెనుకకు మరలును. నాదము యొక్క హెచ్చుతగ్గులు ఆ సుత్తి వేగమును బట్టి ఏర్పడును. దెబ్బ పడిన పిమ్మట ఎంత బలముగా అదిమినను నాదము ఇసుమంతయు పెరుగదు. ఆ బిగువంతయు మణికట్టునకు చేటు.

హార్మోనియమునకు బాసింపట్టు వేసికొని కూర్చుందుము. పియానోకు ఎత్తైన ఆసనముపై, దాని ముందు సగమున, వెన్ను నిలిపి, భుజములు సడలించి కూర్చొనవలెను. మోచేయి, మణికట్టు, వ్రేళ్ళు ఒకే మట్టమున ఉండవలెననియు, చిన్నపిల్లల పాదములు వ్రేలాడకుండ క్రింద ఆధారము నుంచవలెననియు ఫ్రాన్సు దేశపు విద్వాంసుడు కూపెరాన్ 1716లోనే వ్రాసెను. మన ఇంట పీట ఆ పనికి చాలును. నేడు పలువురు విద్యుత్ కీబోర్డును మంచముపై నుంచి వంగి వాయించుచున్నారు, అది తగదు.

మైపాడు, కృష్ణపట్నము వంటి తీరగ్రామములలో మరియొక చిక్కు కలదు. కార్తీకమాసపు వానలలో తేమకు కొయ్య ఉబ్బి మీటలు బిగియును. ఉప్పుగాలికి తీగలు త్రుప్పుపట్టును. బిగిసిన మీటపై పిల్లవాడు భుజబలమంతయు చూపును. మీట బాగైనను ఆ అలవాటు ఒక పట్టాన పోదు. కావున ముందుగా వాద్యమును సరిచేయింపవలెను.

నొప్పి కలిగినచో సాధన ఆపవలసినదే. జర్మను సంగీతకర్త షూమన్ యౌవనముననే కుడిచేతి వ్రేలు స్వాధీనము తప్పి, పియానో వాదకుడు కావలెనను ఆశను విడువవలసివచ్చెను.

తల్లిదండ్రులకు సంగీతము రాకున్నను ఒక పరీక్ష చేయవచ్చును. బిడ్డ ముంజేతిని మీ అరచేతిలో నిలిపి, మీ చేతిని తటాలున తీయుడు. బిడ్డ చేయి బరువుతో క్రిందికి జారినచో బిగువు లేదన్నమాట. గాలిలోనే నిలిచియుండినచో ఆనాటి పాఠమునకు ముందు మరికొంతసేపు చేయి సడలించుటయే నేర్పుడు.