బదిలీ లారీలో పాఠాలు పోకుండా

(జోనల్ కార్యాలయం ఏర్పాటు చేసిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో ఒక అధికారి సతీమణి చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పుకోవడం గురించి మాట్లాడమన్నారు. బడి మంచిదా ఇల్లు మంచిదా అన్న తగువులోకి నేను వెళ్లను. దాని మీద ఎవరి అభిప్రాయం వారికి ఉంటుంది. దింపుకున్న పాఠాలు ఏళ్ల తరబడి చెడకుండా ఎలా దాచుకోవాలో మాత్రం చెబుతాను. బడికి పంపే తల్లిదండ్రులకూ ఇది పనికొస్తుంది.

మా సంగతి రెండు మాటల్లో. మా వారికి పదకొండేళ్లలో నాలుగు బదిలీలు. రెండో ఊళ్లో ఉండగా మా చిన్నవాడికి డిస్లెక్సియా అని తేలింది. అప్పటినుంచి ఇద్దరు పిల్లల చదువూ ఇంట్లోనే. పెద్దమ్మాయి ఎన్.ఐ.ఓ.ఎస్.లో, అంటే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో పదో తరగతికి నమోదై ఉంది. చిన్నవాడికి అచ్చులో ఉన్న పాఠం చదవడం కష్టం కాబట్టి ప్రతి పాఠం నేను నెమ్మదిగా చదివి, మధ్యమధ్య ఆపి, ప్రశ్నలు వేసి రికార్డు చేస్తాను. వాడు విని, ఆగి, మళ్లీ వింటాడు. మూడేళ్లలో అలాంటి రికార్డింగులు ఆరు వందలు దాటాయి. అవి పోతే ఏ వెబ్‌సైటులోనూ దొరకవు. వాడి చదువంతా వాటి మీదే నిలబడి ఉంది.

"నెట్‌లో ఎప్పుడైనా దొరుకుతాయి కదా, దాచడం ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. దొరికేవి దొరుకుతాయి. కానీ అన్నీ అలాగే ఉండవు. ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలనే చూడండి. పీడీఎఫ్‌లు ఉచితంగా దింపుకోవచ్చు, చాలా మంచి సదుపాయం. 2022లో పాఠ్యభారం తగ్గించే పేరుతో కొన్ని అధ్యాయాలు తీసేశారు. పదో తరగతి సైన్సులో మూలకాల ఆవర్తన వర్గీకరణ అధ్యాయం పోయింది, జీవపరిణామం భాగం పోయింది. 2024లో మూడు, ఆరు తరగతులకు పూర్తిగా కొత్త పుస్తకాలు వచ్చాయి. కొత్తవి మంచివా పాతవి మంచివా అన్నది వేరే చర్చ. మీరు పెద్దవాడికి చెప్పిన పుస్తకంతోనే చిన్నదానికీ చెబుదామనుకుంటే, అది మీ దగ్గర ఉంటేనే కుదురుతుంది.

ఇంకో ఉదాహరణ. ఒకప్పుడు కంప్యూటర్ పాఠాల్లో బొమ్మలు కదిలేవన్నీ ఫ్లాష్‌లో చేసేవారు. 2020 డిసెంబర్ 31తో అడోబీ సంస్థ ఫ్లాష్‌కు మద్దతు ఆపేసింది. సీడీల్లో భద్రంగా ఉన్న పాఠాలు కూడా మామూలు పద్ధతిలో తెరుచుకోవడం మానేశాయి. ఫైలు ఉంది, చదివే సాధనం లేదు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సైన్సు ప్రయోగాలు మీలో కొందరికి తెలిసే ఉంటాయి. వాళ్లు జావాలో, ఫ్లాష్‌లో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా హెచ్‌టీఎంఎల్‌5లోకి మార్చారు. ఇప్పుడు దింపుకుంటే నెట్ లేకుండా మామూలు బ్రౌజర్‌లోనే నడుస్తాయి. దాచే ముందు ఫైలు ఏ రూపంలో ఉందో చూడమనేది ఇందుకే. పుస్తకమైతే పీడీఎఫ్, మాటలైతే ఎంపీ3, వీడియో అయితే ఎంపీ4. అందరూ వాడే రూపాలు తొందరగా పోవు.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక బాధ ఉంది. పాత వర్క్‌షీట్లు, కథలు చాలా వరకు అను ఫాంట్లలో టైపు చేసినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిషు అక్షరాలు, పిచ్చి గుర్తులు వస్తాయి. అలాంటివి మీ దగ్గర ఉంటే, ఫాంటు ఉన్న యంత్రం ఇంకా పనిచేస్తున్నప్పుడే పీడీఎఫ్‌గా మార్చి పెట్టుకోండి. ఫాంటు అందులోనే ఇమిడి ఉంటుంది. మీరు కొత్తగా టైపు చేసేవి మాత్రం యూనికోడ్‌లోనే చేయండి.

ఇక యాప్‌లు. యాప్‌లో "డౌన్‌లోడ్" అని నొక్కితే పాఠం మన సొంతమైందనుకుంటాం. చాలా యాప్‌లలో అది ఆ యాప్ లోపలే, తాళం వేసి ఉంటుంది. చందా అయిపోయినా, ఫోను మార్చినా తెరుచుకోదు. వాట్సాప్‌లో టీచర్లు పంపినవీ అంతే. ఆరు నెలల తర్వాత వెనక్కి వెళ్లి నొక్కితే ఫైలు రాదు, మళ్లీ పంపమని అడగాలి. వచ్చిన రోజే బయటికి తీసి పెట్టుకోవాలి. ఇంకో సంగతి, ఫోనులో మెమరీ కార్డును అంతర్గత నిల్వగా ఫార్మాట్ చేస్తే ఆ కార్డు ఇంకే పరికరంలోనూ చదవబడదు. ఫోను పోతే కార్డు చేతిలో ఉన్నా పాఠాలు పోయినట్టే.

అసలు పద్ధతి మన బ్యాంకు కుటుంబాలకు కొత్తేమీ కాదు. డేటా సెంటర్ ఒక ఊళ్లో, డీఆర్ సైట్ ఇంకో ఊళ్లో పెడతారని ఇంట్లో వింటూనే ఉంటాం. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ తన ఫొటోల కోసం ఇదే సంగతిని 3-2-1 అని చెప్పాడు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట. మా ఇంట్లో ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి బయటి హార్డ్ డిస్క్‌లో, మూడోది మా అత్తగారి ఊళ్లో బీరువాలో ఇంకో డిస్క్‌లో. పండక్కి వెళ్లినప్పుడు అది తెచ్చి, కొత్తవి ఎక్కించి, మళ్లీ అక్కడే పెట్టి వస్తాం. లాకరు ఉన్నవాళ్లు లాకర్లో పెట్టుకోవచ్చు. నగల పక్కన హార్డ్ డిస్క్ ఏమిటని నవ్వకండి!

మాకు తెలిసిన ఒక కుటుంబం బదిలీ మీద వెళ్తూ కంప్యూటరూ హార్డ్ డిస్కూ రెండూ ఒకే అట్టపెట్టెలో పెట్టి లారీ ఎక్కించింది. దారిలో వాన. ఆ ఇంటి అమ్మాయి ఎనిమిదో తరగతి నుంచి చేసుకున్న నోట్సు, ప్రాజెక్టులు రెండు ప్రతులూ ఒకేసారి పోయాయి. పరీక్షకు ఏడు వారాలు. డేటా తిరిగి తీసిపెట్టే దుకాణం వాళ్లు అడిగిన డబ్బు కొత్త ల్యాప్‌టాప్ ధర కంటే ఎక్కువ. అందుకే సామాను సర్దే రోజున మా ఇంట్లో డిస్కు నా చేతిసంచిలో ఉంటుంది, లారీలో ఉండదు.

పెన్‌డ్రైవ్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోయడానికి బాగుంటుంది, ఏళ్లపాటు దాచడానికి కాదు. వాడకుండా పక్కన పడేస్తే అందులోని విద్యుదావేశం నెమ్మదిగా తగ్గిపోతుంది. నాలుగైదు వందలకే రెండు టీబీ అని అమ్మేవి కొనకండి, చాలావరకు నకిలీ. నిండినట్టు చూపిస్తుంది, పాత ఫైళ్ల మీద కొత్తవి రాసేస్తుంది. కొన్న రోజే పూర్తిగా నింపి, తిరిగి తెరిచి చూడాలి. పెద్ద వీడియో కాపీ కాక "చోటు చాలదు" అంటే కంగారు పడకండి. ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. లోపలివి ముందు వేరేచోట దాచి, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే సరిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో డీవీడీలకు బూజు పడుతుంది. వాటిలో ఉన్నవి ఉంటే ఇప్పుడే డిస్క్‌లోకి మార్చేయండి.

కాగితాన్ని చిన్నచూపు చూడకండి. రోజూ చేతికి కావలసినవి లేజర్ ప్రింటులో తీసి స్పైరల్ కట్టించాం. ఇంక్‌జెట్ సిరా తడి తగిలితే కారుతుంది. కరెంటు లేని రోజు కూడా చదువు సాగుతుంది.

గూగుల్ డ్రైవ్ సంగతి అడుగుతారని తెలుసు. ఉచితంగా 15 జీబీ వస్తుంది, వాడుకోండి. కానీ అదొక్కటే నమ్ముకోకండి. ఫోనుతో అనుసంధానమై ఉన్న చోట పిల్లవాడు ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. చెత్తబుట్టలో 30 రోజులే ఉంటుంది. రెండేళ్లు వాడని గూగుల్ ఖాతాలను తొలగించే నియమం కూడా ఉంది. మన దగ్గరా రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా ఇనాపరేటివ్ అవుతుంది. కానీ పదేళ్ల తర్వాత డబ్బు ఆర్‌బీఐ వారి డీఈఏ ఫండ్‌కి వెళ్లినా ఖాతాదారు వచ్చి అడిగితే తిరిగి ఇస్తారు. అక్కడ తుడిచేశాక అడగడానికి కౌంటరు లేదు.

కాపీ చేశాక టాలీ చూడాలి. రెండు చోట్లా ఫోల్డర్ మీద ప్రాపర్టీస్ నొక్కి, ఎన్ని ఫైళ్లు, ఎన్ని బైట్లు అని సరిపోల్చండి. అది చాలదు. నోట్ల కట్ట బరువు సరిపోయినంత మాత్రాన అన్నీ మంచి నోట్లని కాదు కదా. కళ్లు మూసుకుని ఒక పది ఫైళ్లు ఎంచి తెరిచి చూడండి. మా ఇంట్లో ఏడాదికోసారి ఏప్రిల్ 1న చూస్తాం. ఆ ముందు రోజు మా వారు ఎలాగూ అర్ధరాత్రి దాకా ఇంటికి రారు, ఆ రోజే డిస్కులన్నీ బయటికి తీసి పెడతాను. ఐదారేళ్లు నిండిన డిస్కు బాగానే తిరుగుతున్నా కొత్తదానికి మారుస్తాం.

ఫైలు పేరులో తరగతి, సబ్జెక్టు, మాధ్యమం, ముద్రణ సంవత్సరం ఉండాలి. "న్యూ ఫైనల్ రెండు" అని పెడితే రెండేళ్ల తర్వాత మనకే అర్థం కాదు. ఒక మామూలు నోటుపుస్తకంలో ఏది ఎక్కడుందో రాసి పెట్టాను. పాస్‌వర్డ్‌లు మా వారికీ తెలుసు. నామినీ లేని ఖాతా ఎంత చికాకో ఇక్కడున్నవారికి నేను చెప్పనక్కర్లేదు.

అన్నీ దాచలేం. దింపిన వీడియోల్లో సగం మళ్లీ ఎవరూ చూడరు. కొత్తగా మొదలుపెట్టేవారు ముందు పిల్లల చేతి రాతలు, వాళ్ల గొంతులు, మీరు తయారుచేసినవి దాచండి. నోటుపుస్తకాలను ఫోనుతో ఫొటో తీసి పీడీఎఫ్ చేస్తే చాలు. ఆ తర్వాత మారిపోయే పుస్తకాల పాత ముద్రణలు. ఎప్పుడైనా దొరికేవి చివర. ఎన్.ఐ.ఓ.ఎస్.లో ఉన్నవారు ఇంకో మాట గుర్తుంచుకోండి. నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, తొమ్మిది అవకాశాలుంటాయి. అంటే ఒక సబ్జెక్టు మిగిలిపోయినా ఆ పుస్తకం, సమర్పించిన టీ.ఎం.ఏ. నకలు ఐదేళ్లూ చేతిలో ఉండాలి.

మధ్యాహ్న భోజనం తర్వాత వెనక బల్ల దగ్గర కూర్చుంటాను. హార్డ్ డిస్క్ తెచ్చుకున్నవారు రండి, మొదటి ప్రతి ఇక్కడే చేసుకుని వెళ్దురు గాని. కేబుల్ మీదే తెచ్చుకోవాలి, నా దగ్గర ఒక్కటే ఉంది.