గ్రహణం చేసిన పని కాదు
(తణుకులో జరిగిన ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

కొమ్ము డాన్సు అవగానే వార్డెన్ మేడం కడుపుతో ఉన్నవాళ్ళ సంగతి ఎత్తుకుందేమిటని మగపిల్లలు నవ్వుతున్నారు. నవ్వండి, లేచి మాత్రం వెళ్ళకండి. మీకూ పని ఉంది.

గ్రహణం పడితే కడుపుతో ఉన్న పిల్లని గదిలో పెట్టి తలుపేస్తాం. కత్తిపీట ముట్టనివ్వం. పెదవి చీలి పుడితే దాని పేరే గ్రహణమొర్రి. గ్రహణానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. అదే పిల్ల మర్నాడు పురుగుమందు కొట్టిన చేలో కలుపు తీస్తుంటే మాత్రం ఎవరం ఏమీ అనం.

ఏజెన్సీ నుంచి వచ్చి మా దగ్గర పదో తరగతి వరకు చదివిన ఒకమ్మాయికి ఫిట్స్ ఉండేవి. వాల్‌ప్రోయేట్ మాత్ర రోజూ రాత్రి నా చేత్తోనే ఇచ్చేదాన్ని. పెళ్ళప్పుడు అత్తారింట్లో ఆ సంగతి చెప్పలేదు. మాత్రలు దాచుకుని మింగింది. పుట్టిన బిడ్డకి వెన్ను మూసుకోక, వీపు మీద నీటి బుడగలాంటి వాపు. ఆపరేషన్ చేశారు కానీ కాళ్ళలో బలం లేదు. ఊళ్ళో అందరూ గ్రహణమే అన్నారు.

ఫలానా బిడ్డకి మాత్ర వల్లే అయిందని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ ఆ మాత్ర వాడిన తల్లుల బిడ్డల్లో నూటికి సుమారు పదిమందికి ఏదో ఒక లోపం ఉంటోంది. మామూలుగా అయితే ఇద్దరో ముగ్గురో. "పెళ్ళికి ముందు డాక్టర్ని కలువమ్మా" అన్న ఒక్క మాట నేను చెప్పలేదు. నాకే తెలియదు. టీచర్ ట్రైనింగ్‌లో ఇది లేదు మరి.

అలాగని మాత్ర మీ అంతట మీరు మానకండి. ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికొస్తుంది. మార్చాల్సింది డాక్టరు, అదీ కడుపు రాకముందే. మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం నాలుగు వారాల్లో మూసుకుంటుంది. అప్పటికి నెల తప్పి రెండు వారాలు. చాలామంది ఇంకా అమ్మకి కూడా చెప్పరు.

ఆ గొట్టం సరిగా మూసుకోవడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. హాస్టల్లో వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో ఉండేది అదే, ఐరన్‌తో పాటు. మొన్న కిటికీ కింద పదకొండు మాత్రలు ఏరాను. ఎవరివో నేను అడగను. పెళ్ళయ్యాక మాత్రం ఆశా అక్కని అడిగి రోజూ వేసుకోండి.

1957లో జర్మనీలో థాలిడోమైడ్ అని నిద్రమాత్ర వచ్చింది. ప్రమాదం లేనిదని అమ్మారు. వేవిళ్ళకీ వాడారు. 1961లో ఆపేశారు. దాని వల్ల పదివేలమందికి పైగా పిల్లలు కాళ్ళూ చేతులూ పొట్టిగానో, అసలు లేకుండానో పుట్టారు. షాపువాడు ఒళ్ళునొప్పులకని నాలుగు రకాలు కలిపి కట్టిచ్చే పొట్లం మింగేముందు ఇది గుర్తు చేసుకోండి.

జీలుగు కల్లు మన పండగ, మన పెళ్ళి. కాదనను. కానీ తల్లి తాగింది బిడ్డ రక్తంలోకి పోతుంది, మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఇంతైతే ఫర్వాలేదనే కొలత ఎవరికీ దొరకలేదు. మగపిల్లలూ, ఆ తొమ్మిది నెలలూ ఆమెకి కల్లు పోయకండి, ఇంట్లో చుట్ట కాల్చకండి. మందు కొట్టిన చొక్కా మీరే ఉతుక్కోండి.

ఈరోజు ఆగస్టు 9. నాలుగో నెల వచ్చినవాళ్ళకి ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు ఉచితంగా చూస్తారు. అంతకుముందైతే ఏఎన్ఎం దగ్గరికి వెళ్ళండి. మింగుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకెళ్ళండి. దాచుకున్నవి కూడా.