పేగు జబ్బు, గర్భం: మందులు ఆపమన్నది ఎవరు?

(మహిళా కార్యకర్తల ఆరోగ్య శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఆరోగ్య హక్కుల గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. పదిహేనేళ్లకు పైగా పెద్దపేగు జబ్బుతో బతుకుతున్న మనిషిని, మీలాగే ఊళ్లు తిరిగే కార్యకర్తని. గర్భసంచి ఆపరేషన్ల గురించి మనం మాట్లాడుకున్నాం. కుటుంబ నియంత్రణ ఇంజెక్షన్ల మీద పోట్లాడాం. కానీ మలంలో రక్తం పడుతోందని, రోజుకు పదిసార్లు దొడ్డికి పోవాల్సి వస్తోందని మన సమావేశాల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఆ సిగ్గు దగ్గరే నా మాట మొదలు పెడతాను.

నాకు ఈ జబ్బు 23వ ఏట మొదలైంది. అప్పటికి మా ఇంట్లో మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్లు చీకటి పడేదాకా ఆగాలి. ఆగనివ్వని జబ్బు వచ్చిన ఆడదాని పరిస్థితి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. తినకపోతే వెళ్లాల్సిన పని ఉండదు కదా అని తిండి తగ్గించాను. ఊళ్లో ఆర్.ఎం.పి. మొలలన్నాడు. ఎవరో పసరు మందు తాగించారు. ఇంకొకరు అమీబా అన్నారు. ఏడాదిన్నర తిరిగాక పట్నంలో కొలనోస్కోపీ చేసి, దాని పేరు అల్సరేటివ్ కొలైటిస్ అని చెప్పారు. పెద్దపేగు లోపలి పొర పూసి, పుండ్లు పడి, రక్తం కారే జబ్బు. దీనికి తోబుట్టువు లాంటిది క్రోన్స్ జబ్బు. అది నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. మన దేశంలో దాన్ని పేగుల టి.బి. అనుకుని నెలల తరబడి టి.బి. మందులు వాడించటం మామూలే, ఎందుకంటే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈ రెండు జబ్బుల్నీ కలిపి ఐ.బి.డి. అంటారు. అంటువ్యాధి కాదు. పూర్తిగా పోదు, కానీ మందులతో అణిగి ఉంటుంది. ఎక్కువగా 15 నుంచి 35 ఏళ్ల మధ్య బయటపడుతుంది. అంటే ఆడపిల్లకు పెళ్లి, కాన్పులు అన్నీ జరిగే వయసులోనే.

పెళ్లయిన రెండో ఏడు నెల తప్పాను. అప్పటికి జబ్బు అణిగి ఉంది. మా అత్తమ్మ నా మందుల డబ్బా చూసి, "కడుపుతో ఉండి ఇన్ని బిళ్లలేమిటే, బిడ్డ అవిటిదవుతుంది" అంది. ఆమెకు నా మీద కోపం లేదు, భయం. కాన్పులు చూసే డాక్టరమ్మ చీటీ తిరగేసి, "ఇవన్నీ ఆపెయ్" అంది. పేగుల డాక్టర్ని ఒకమాట అడిగి రమ్మని ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. బిడ్డ కోసం ఆపితే మంచి తల్లిననుకున్నాను.

నాలుగో నెలలో జబ్బు తిరగబెట్టింది. వాంతులు, రక్త విరేచనాలు, ఒంట్లో రక్తం లేదు. ఏడో నెలలోనే కాన్పయింది. పన్నెండు వందల గ్రాముల మగబిడ్డ. నాలుగు రోజులు బతికాడు.

మందులు ఆపటం వల్లే అలా జరిగిందని ఏ డాక్టరూ ఖాయంగా చెప్పలేడు. కానీ తర్వాత పేగుల డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మందులు ఎందుకు ఆపావమ్మా?" అని. "బిడ్డ కోసం" అన్నాను. "బిడ్డ కోసమే వేసుకోవాల్సింది" అన్నాడు. ఆ ఒక్కమాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఇవాళ మీ ముందు నిలబడింది ఆ మాట చెప్పటానికే.

అసలు విషయం ఇది. గర్భానికి ఎక్కువ ముప్పు తెచ్చేది అదుపులో లేని జబ్బు. జబ్బు రగులుతున్నప్పుడు గర్భం వస్తే గర్భస్రావం, నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు బిడ్డ - ఈ ప్రమాదాలు పెరుగుతాయి. అలా గర్భం వచ్చిన స్త్రీలలో సుమారు మూడో వంతు మందికి జబ్బు తగ్గుతుంది, మూడో వంతుకు అలాగే ఉంటుంది, మూడో వంతుకు ముదురుతుంది. అదే జబ్బు అణిగి ఉన్నప్పుడు గర్భం వస్తే ఎక్కువమందికి అణిగే ఉంటుంది, కాన్పు కూడా మిగతా ఆడవాళ్లకు జరిగినట్టే జరుగుతుంది. అందుకే కనీసం మూడు నుంచి ఆరు నెలలు, స్టీరాయిడ్ల అవసరం లేకుండా జబ్బు అణిగి ఉన్నాక గర్భం గురించి ఆలోచించమంటారు.

ఇక మందుల సంగతి. మెసలమీన్, సల్ఫాసలజీన్ గర్భంలో వాడవచ్చు. సల్ఫాసలజీన్ వాడేవాళ్లు ఫోలిక్ ఆసిడ్ ఎక్కువ మోతాదులో తీసుకోవాలి. అజాథయోప్రిన్ వాడుతూ జబ్బు అణిగి ఉన్నవాళ్లు దాన్ని కొనసాగించవచ్చు. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడలిముమాబ్ ఇంజెక్షన్లు కూడా కొనసాగించమనే ఇప్పటి సలహా. గర్భంలో వాడకూడనిది మెథోట్రెక్సేట్. అది గర్భాన్ని పోగొట్టగలదు, బిడ్డకు అవయవ లోపాలు తేగలదు. గర్భానికి ప్రయత్నించటానికి కనీసం మూడు నెలల ముందే ఆపాలి. టోఫాసిటినిబ్ లాంటి కొత్త బిళ్లలు కూడా వద్దంటారు. కాబట్టి ఏ మందు వాడుతున్నారో పేరుతో సహా తెలుసుకోవాలి. "అన్నీ ఆపెయ్" అన్న సలహా ఎంత తప్పో, "అన్నీ వాడెయ్" అన్నదీ అంతే తప్పు.

ఇంకో సంగతి మన దేశానికి బాగా అవసరం. ఇక్కడ బిడ్డ పుట్టగానే బి.సి.జి. టీకా వేస్తారు. తల్లి గర్భంలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్లు తీసుకుని ఉంటే ఆ మందు బిడ్డ ఒంట్లోకీ పోతుంది. అలాంటి బిడ్డకు బి.సి.జి. టీకా కనీసం ఆరు నెలలు వాయిదా వెయ్యాలి. ఈ మాట కాన్పుకు ముందే ఆస్పత్రిలో చెప్పి, తల్లీబిడ్డల కార్డు మీద రాయించాలి. కాన్పయ్యాక ఆ హడావిడిలో ఎవరికీ గుర్తుండదు.

జబ్బు పేరు చెప్పగానే కొందరు ఆపరేషన్ కాన్పే అంటారు. అందరికీ అక్కర్లేదు. మలద్వారం చుట్టూ క్రోన్స్ పుండ్లు రగులుతున్నవాళ్లకు, పెద్దపేగు తీసేసి లోపల సంచి కుట్టినవాళ్లకు మాత్రం పేగుల డాక్టరు, కాన్పు డాక్టరు కలిసి నిర్ణయించాలి. చాలా మందులతో చనుబాలు ఇవ్వవచ్చు, మెథోట్రెక్సేట్‌తో కుదరదు.

రక్తహీనత గురించి మీకు తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. పేగులోంచి రక్తం పోతున్న మనిషికి ఐరన్ బిళ్లలు కడుపులో పడక, ఆమె పారేస్తుంటే, "చెప్పినా వినదు" అని మనమే కోప్పడతాం. ఈసారి కోప్పడే ముందు, "మలంలో రక్తం పడుతోందా?" అని ఒక్క ప్రశ్న అడగండి.

ఆస్పత్రి వరండాలో నాకు కలిసిన ఒకామె కథ చెబుతాను. ఆమెకు జబ్బు లేదు, భర్తకు ఉంది. పెళ్లయి అయిదేళ్లయినా పిల్లలు లేరు. గొడ్రాలన్నారు, పరీక్షల పేరుతో ఆమెనే ఆస్పత్రులన్నీ తిప్పారు. ఆయన వాడేది సల్ఫాసలజీన్. అది మగవాళ్లలో వీర్యకణాలను తగ్గిస్తుంది. మందు మారిస్తే కొన్ని నెలల్లో మామూలవుతుంది. అయిదేళ్లలో ఆయన్ని ఒక్కసారి కూడా ఎవరూ పరీక్ష చేయించుకోమనలేదు. జబ్బు ఎవరిదైనా నింద మాత్రం ఆడదాని నెత్తికే వస్తుందని చెప్పటానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

నేను మూడేళ్ల తర్వాత మళ్లీ గర్భం దాల్చాను. ఈసారి ముందుగా అడిగాను. జబ్బు అణిగిందని పరీక్ష చేయించుకున్నాక ప్రయత్నించాం. ఒక్కరోజు కూడా మందు మానలేదు. మా అత్తమ్మని వెంటబెట్టుకుని వెళ్లి, డాక్టరు నోటితోనే ఆమెకు చెప్పించాను. తర్వాత వేళకు బిళ్ల అందించింది ఆమే. నెలలు నిండి పాప పుట్టింది. ఇప్పుడు బడికి పోతోంది.

అలా అని, ఈ జబ్బున్న ప్రతి స్త్రీ తల్లి కావాలని నేను అనటం లేదు. వద్దనుకునే హక్కూ ఆమెదే. కానీ ఆ నిర్ణయం తెలిసి తీసుకోవాలి. బిడ్డకు తప్పకుండా జబ్బు వస్తుందన్న అబద్ధానికి భయపడి తీసుకోకూడదు. తల్లిదండ్రుల్లో ఒక్కరికే ఉన్నప్పుడు చాలామంది పిల్లలకు రాదు. మెథోట్రెక్సేట్ వాడుతుండగా అనుకోకుండా గర్భం వస్తే, అబార్షన్ చేయించుకునే వీలు చట్టంలో ఉంది. 2021 సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. భర్త సంతకం అక్కర్లేదు.

మనం ఏం చెయ్యగలం? ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణీలకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. 2016లో మొదలైన పథకం ఇది. అక్కడికి తీసుకుపోయేటప్పుడు పాత చీటీలన్నీ వెంట తీసుకెళ్లండి. మందు ఆపమంటే ఏ మందు, ఎందుకు అని అడగండి. ఇద్దరు డాక్టర్లూ ఒకరితో ఒకరు మాట్లాడాలని పట్టుబట్టండి. ఉద్యోగం చేసే చెల్లెళ్లకు ఇంకో మాట. 2017 సవరణతో వచ్చిన 26 వారాల ప్రసూతి సెలవు, నెలలు నిండని కాన్పు వల్ల గానీ గర్భస్రావం వల్ల గానీ జబ్బుపడితే వచ్చే అదనపు నెల సెలవు - ఈ రెండూ 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉన్నాయి. కూలి పనికి పోయే ఆడవాళ్లకు మాత్రం ఆ సెలవూ అందటం లేదు, పనిచేసే చోట మరుగుదొడ్డీ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఈ జబ్బు పేరు లేదు. వీటి కోసం మనం పోట్లాడాలి.

నా మొదటి బిడ్డకు పేరు కూడా పెట్టలేదు. వాడి గురించి నేను నలుగురిలో మాట్లాడటం ఇదే మొదటిసారి. మీ ఊళ్లో కడుపుతో ఉన్న ఏ అమ్మాయైనా భయపడి మందు డబ్బా అటక మీద పెట్టేసిందని తెలిస్తే, ఆ డబ్బా దింపించి, ఆమెను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. మీ దగ్గర నేను కోరేది అంతే.

సెలవు.