గోల్ఫ్ మిషన్ల చలికాలం సర్వీసు, మా నాన్న బ్రష్ కట్టర్

రాజుపాలెం నుంచి మాట్లాడుతున్నా. థంబ్‌నెయిల్ చూసి "పల్నాడులో గోల్ఫ్ ఏందిరా" అని నవ్వుకుంటూ వచ్చినోళ్ళు ఒక్క ఐదు నిమిషాలు ఉండండి.

పోయిన జూలైలో వానలు పడ్డాక గట్ల మీద గడ్డి మోకాలెత్తు లేచింది. నాన్న బ్రష్ కట్టర్ బయటికి తీశాడు. తాడు లాగాడు, లాగాడు, తర్వాత నేను లాగాను. చెయ్యి పడిపోయింది గానీ అది స్టార్ట్ కాలేదు. డిసెంబర్లో మూలన పెట్టినప్పుడు బాగానే ఉంది. మెకానిక్ బాబాయ్ కార్బొరేటర్ విప్పి చూపించాడు, లోపలంతా జిగురు. కొత్తది వేస్తే 2 వేలు దాటింది. అది పోనీ, ఐదు రోజులు కూలి మనుషుల్ని పెట్టి గడ్డి కోయించాం. "వాడి పాడు చెయ్యలేదురా అబ్బాయా, వాడకుండా పాడు చేశారు" అన్నాడు బాబాయ్.

కోడ్ రాసినోణ్ణి కదా, ఎర్రర్ ఎందుకొచ్చిందో తెలియందే నిద్ర పట్టదు. ఇప్పుడు బంకుల్లో పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాల్లో తేమని లాగుద్ది. నెలల తరబడి ట్యాంకులో ఉంటే పెట్రోల్లో తేలికభాగం ఆవిరైపోయి జిగురు మిగులుద్ది. కార్బొరేటర్లో సూది మొనంత రంధ్రం మూసుకుపోవడానికి అది చాలు.

దీని గురించి వెతుకుతుంటే గోల్ఫ్ కోర్సుల వీడియోలు తగిలాయి. చలిదేశాల్లో మంచు పడితే గడ్డి పెరగదు, మిషన్లన్నీ షెడ్డుకి పోతాయి. గ్రీన్ మీద గడ్డి 3, 4 మిల్లీమీటర్లే ఉంచుతారు. దానికి రీల్ మోవర్ కావాలి. బ్లేడ్ల డ్రమ్ము తిరుగుద్ది, కింద కదలని బ్లేడు ఉంటుంది, మధ్యలో గడ్డి కత్తెరలో పడ్డట్టు తెగుద్ది. 1830లో ఇంగ్లాండ్‌లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన, బట్ట మీద నూగు కోసే మిల్లు మిషన్ చూసి దీన్ని తయారుచేశాడు. చలికాలంలో సాన పట్టి, కాగితం ముక్క పెట్టి చూస్తారు. నీటుగా తెగితే ఓకే. మొద్దు బ్లేడు గడ్డిని కొయ్యదు, చీలుస్తది.

హైదరాబాద్‌లో గోల్కొండ దగ్గరా గోల్ఫ్ కోర్స్ ఉంది. బెర్ముడా గ్రాస్ అంటే ఏందో అనుకునేరు, వినాయకుడికి పెట్టే మన గరికే! చలికి పెరుగుదల తగ్గుద్ది, మంచు గొడవ లేదు. మనకేమో డిసెంబర్ దాటితే గట్ల మీద గడ్డి ఎండిపోద్ది, అందరం మిరప కోతల్లో పడతాం, కట్టర్‌ని ఎవరూ పట్టించుకోరు.

అందుకే ఈసారి నాన్న, నేను కూర్చుని చేశాం. ముందు ప్లగ్ వైరు పీకాం, బ్లేడు ముట్టుకోవాలంటే ఇది ఫస్ట్. బ్లేడు ఊడదీసి సాన పట్టి ఆయిల్ రాశాం, గేర్ దగ్గర గ్రీజు పెట్టాం. వైరు మళ్ళీ తగిలించి, పొయ్యికి దూరంగా ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపాం. ఇదే అసలు పని, అందరూ మర్చిపోయేది ఇదే. చల్లారాక ప్లగ్ తీసి రెండు మూడు చుక్కల ఇంజన్ ఆయిల్ వేసి, తాడు మెల్లగా లాగి, ప్లగ్ బిగించాం. ఫిల్టర్ స్పాంజి సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాం. చివరికి దూలానికి వేలాడదీశాం, ఎలకలు పైపులు కొరక్కుండా.

గంట పట్టింది, ఖర్చు లేదు. మళ్ళీ తాడు లాగేది జూలైలోనే. స్టార్ట్ అయితే వీడియో పెడతా, కాకపోయినా పెడతా. మీ ఇంట్లో మూలన ఏ మిషన్ ఉందో కామెంట్లో చెప్పండి. ఉంటా మరి.