ఒషున్ అద్దం, ఓయా కత్తి

నైజీరియాలో ఒషోగ్బో అనే ఊరి అంచున ఒక అడవి ఉంది, అందులో ఒషున్ నది. యోరుబా జనానికి ఆ నది అమ్మవారే. 2005లో యునెస్కో ఆ వనాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఒషున్ చేతిలో అద్దం, ఇత్తడి విసనకర్ర. సొగసు, సంతానం, తేనె ఆమెవి. అంతమాత్రాన మెతక అనుకోకండి. లోకాన్ని చక్కదిద్దడానికి దిగివచ్చిన పదిహేడుగురు దేవతల్లో ఆడది ఆమె ఒక్కతే. మగ దేవతలు ఆమెను పక్కనపెట్టారు. పట్టిన పనల్లా చెడింది, వానలు ఆగాయి. చివరికి వెళ్లి ఆమెనే బతిమాలుకున్నారట. నాకెంతో ఇష్టమైన కథ ఇది.

ఇక మరో యోరుబా దేవత ఓయా. ఆమె సుడిగాలికి అధిదేవత. భర్త షాంగో పక్కన కత్తిపట్టి యుద్ధానికి దిగుతుంది. తొమ్మిదిమంది బిడ్డల తల్లీ ఆమే! తెగువ ఉన్నంతమాత్రాన ఆడతనం తగ్గిందని ఎవరూ అనరు.

దేవతల్లోనే కాదు, మనుషుల్లోనూ ఇదే చూపు. యోరుబాలో ఒగ్బోని అనే పెద్దల సంఘానికి గుర్తు రెండు ఇత్తడి బొమ్మలు. ఒకటి ఆడ, ఒకటి మగ. రెండింటి తలలనూ ఒక గొలుసు కలుపుతుంది.

మళ్లీ ఒషున్ దగ్గరికి వస్తే, ఏటా ఆగస్టులో ఒషోగ్బోలో ఆమె ఉత్సవం. పెళ్లికాని ఒక అమ్మాయి నైవేద్యాలున్న సొరకాయ బుర్ర నెత్తిన పెట్టుకుని నది దాకా నడుస్తుంది. ఊరంతా ఆమె వెనకాలే.